బ్లూ స్ప్రింగ్ స్టేట్ పార్కులో క్యాంపింగ్: ఈతకా, మానటీల కోసమా?

ఫ్లోరిడాలో ఆరెంజ్ సిటీ దగ్గరున్న ఈ పార్కులో సైటు బుక్ చేసేముందు తేల్చుకోవాల్సింది ఇదే. నవంబర్ సగం నుంచి మార్చి ఆఖరు దాకా నీటి బుగ్గలో ఎవర్నీ దిగనివ్వరు. సున్నపురాయి పొరల్లోంచి ఉబికే ఆ నీరు ఏడాది పొడవునా దాదాపు 22 డిగ్రీల సెల్సియస్‌లోనే ఉంటుంది. పక్కనున్న సెయింట్ జాన్స్ నది 20 డిగ్రీల కిందికి పడితే మానటీలకు (నీళ్ళలో బతికే భారీ క్షీరదాలు) ప్రాణగండం, అందుకే వందల సంఖ్యలో బుగ్గ నుంచి పారే ఈ పాయలోకి చేరతాయి.

మా ఓటు చలికాలానికే. ఎంత చలి ఉంటే తెల్లవారుజామున అన్ని ఎక్కువ కనిపిస్తాయి. ఎండెక్కాక చాలావరకు మేతకు నదిలోకి పోతాయి. వారాంతాల్లో పార్కింగ్ నిండగానే గేటు మూసేస్తారు. లోపల టెంటు ఉన్నవాళ్ళకు ఆ బెంగ లేదు, పొద్దున్నే చెక్క నడకదారి మీద ఉండొచ్చు.

సైటు రాత్రికి 24 డాలర్లు. పన్ను, రిజర్వేషన్ రుసుము అదనం. కరెంటు, కుళాయి, బల్ల ఉంటాయి కాబట్టి ఈ ధర న్యాయమే. బుకింగ్ ఫ్లోరిడా నివాసులకు 11 నెలల ముందు, మిగతావాళ్ళకు 10 నెలల ముందు తెరుస్తారు. బయటి రాష్ట్రాల వాళ్ళు సోమవారం నుంచి గురువారం లోపు రాత్రులు చూసుకోవడం మేలు.

నేలంతా ఇసుక. టెంటుతో వచ్చే సన్నటి మేకులు గాలికి ఊడొస్తాయి. 30 సెంటీమీటర్ల పొడవున్న వెడల్పాటి ఇసుక మేకుల్ని, తల టెంటుకి అవతలి వైపు వాలేలా దిగ్గొట్టాలి. వేసవిలో మధ్యాహ్నం ఉరుముల వాన మామూలే, ఈతకు వెళ్ళేముందే టెంటు పై కప్పు బిగించి వెళ్ళండి. రకూన్లు (పిల్లంత అడవి జంతువులు) తిండి దాచే కూలర్ పెట్టెల మూతలు తెరిచేస్తాయి. తిండి కారులోనే పెట్టాలి.

ఈతకు వచ్చేవాళ్ళు పిల్లలకు పలచటి వెట్‌సూట్ (ఒంటిని వెచ్చగా ఉంచే ఈత దుస్తులు) తేవాలి, ఆ నీళ్ళలో అరగంటకే వణుకు పడుతుంది.

1872లో థర్స్‌బీ కుటుంబం కట్టుకున్న ఇల్లు ఇంకా ఉంది. అది నిలిచిన దిబ్బ ఆదివాసులు తిని పారేసిన నత్తగుల్లలది! స్టీమర్లు ఇక్కడినుంచే నారింజలు ఎక్కించుకెళ్ళేవి. మానటీల రక్షణ కోసం 1972లో రాష్ట్రం ఈ స్థలం కొంది.

పెద్ద లోటు, గేటు దగ్గరి రైలు మార్గం. రాత్రి కూతలు టెంటులోకి బాగా వినిపిస్తాయి, చెవుల్లోకి ప్లగ్గులు తెచ్చుకోండి.