చిన్న కుక్క బరువు తగ్గాలంటే ఏది మేలు: అదే తిండి తగ్గించడమా, తిండి మార్చడమా, నడకా?

ఐదు కిలోలు ఉండాల్సిన కుక్క ఆరు కిలోలైతే చూసినవాళ్లు బొద్దుగా ముద్దొస్తోంది అంటారు. నిజానికి అది 20 శాతం అదనపు బరువు. మోకాలిచిప్ప పక్కకి జారే పొమేరియన్‌కి, వెన్ను డిస్కులు దెబ్బతినే డాక్స్‌హండ్‌కి, శ్వాసనాళం నొక్కుకుపోయే యార్కీకి (యార్క్‌షైర్ టెర్రియర్) ఆ ఒక్క కిలోయే ప్రాణం మీదికి తెస్తుంది. థైరాయిడ్ మందగించినా, కుషింగ్స్ జబ్బున్నా (ఒంట్లో కార్టిసాల్ హార్మోన్ ఎక్కువవడం) కూడా లావెక్కుతాయి కాబట్టి ముందు వెటర్నరీ డాక్టర్‌కి చూపించాకే మిగతా లెక్కలు.

నడక సంగతి త్వరగా తేల్చేయవచ్చు. ఇంత చిన్న ఒంటికి నడకలో ఖర్చయ్యే కేలరీలు చాలా తక్కువ. ఇంటికి రాగానే ఇచ్చే ఒక్క బిస్కెట్‌తో అవన్నీ తిరిగొస్తాయి. అయినా కండ కరగకుండా కాపాడేది నడకే, అందుకే మానకూడదు. పగ్ లాంటి చప్పిముక్కు కుక్కల్ని చల్లపూట కొద్దికొద్దిగా, రెండు మూడు సార్లు తిప్పితే చాలు.

అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే.

అలవాటైన తిండినే తగ్గించి పెడితే కడుపు పాడవదు, కుక్క పేచీ పెట్టదు. చిక్కంతా కొలతలో ఉంది. ఐదు కిలోల కుక్క ఊరికే పడుకుని ఉన్నా రోజుకి సుమారు 234 కేలరీలు కావాలి. బరువు తగ్గించేటప్పుడు సాధారణంగా ఉండాల్సిన బరువుకి ఈ లెక్క కట్టి, దానికి అటూఇటూగా పెడతారు. చాలా రకాల డ్రై ఫుడ్‌లో 100 గ్రాములకి 350 నుంచి 400 కేలరీలు ఉంటాయి. అంటే రోజంతటికీ 60, 65 గ్రాములే! కప్పు మీద కాస్త గోపురంగా నిలిచినా పది గ్రాములు ఎక్కువ పడిపోతుంది, అంటే రోజు తిండిలో ఆరోవంతు. పెద్ద కుక్కకి అదొక లెక్కే కాదు. అందుకే కప్పా, తూకమా అని అడిగితే నేను గట్టిగా చెప్పేది తూకమే. గ్రాములు చూపే వంటింటి డిజిటల్ స్కేల్ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

ఈ పద్ధతికి ఒక హద్దు కూడా ఉంది. మామూలు ఫుడ్‌ని మరీ కోసేస్తే కేలరీలతో పాటు ప్రోటీనూ విటమిన్లూ తగ్గిపోతాయి, ఆకలి మాత్రం పెరుగుతుంది. డాక్టర్లు రాసే వెయిట్‌లాస్ ఫుడ్ మేలనిపించేది ఇక్కడే. అందులో కొవ్వు తక్కువ, ప్రోటీన్, పీచు ఎక్కువ. పోషకాలూ చిక్కగా ఉంటాయి కాబట్టి తక్కువ కేలరీల్లోనే అవసరాలు తీరతాయి. ప్యాకెట్ మీద ‘లైట్’ అని ఉన్న ప్రతిదీ ఇది కాదు. ‘లైటే కదా’ అని చెయ్యి జారితే దానితోనూ లావెక్కుతుంది. మారేటప్పుడు వారం, పది రోజుల పాటు పాతదానిలో కలుపుతూ మార్చాలి.

పది శాతం లోపు అదనమైతే అదే తిండిని తూచి పెట్టడం చాలని నా అభిప్రాయం. ఇరవై దాటితే తిండి మార్చడమే కుక్కకి సుఖం. ఏ దారిలోనైనా పస్తు పెట్టడం మాత్రం వద్దు.

ట్రీట్స్ పూర్తిగా ఆపడం కంటే లెక్కలో పెట్టడమే మేలు, ఎందుకంటే ఆపేస్తే ఇంట్లో ఎవరో ఒకరు చాటుగా పెడతారు. రోజు కేలరీల్లో పదిశాతం హద్దు, అంటే ఇక్కడ 23 కేలరీలు. ఒక్క చీజ్ ముక్కతో అది అయిపోవచ్చు. క్యారెట్, కీరా ముక్కలైతే ఎన్నోసార్లు ఇవ్వొచ్చు. ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, జైలిటాల్ (చక్కెరకి బదులు వాడే తీపి పదార్థం) ఉన్నవి విషం.

వారానికి ఒకటి, రెండు శాతం తగ్గితే మంచి వేగం. ఆరు కిలోల కుక్కకి అది 60 నుంచి 120 గ్రాములు. ఎత్తుకుని మనం బరువు చూసుకునే మెషీన్ ఎక్కితే ఇంత తేడా సరిగ్గా తెలియదు. పసిపిల్లల్ని తూచేదో, క్లినిక్‌లోదో వాడి రెండు వారాలకోసారి చూడండి. పక్కటెముకల మీద చెయ్యి ఆనిస్తే, నొక్కకుండానే ఎముకలు తగలాలి.

అనుకున్న బరువుకి చేరాక పాత కొలతకి వెళ్లొద్దు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన కుక్కలకైతే మామూలుగానే తక్కువ తిండి సరిపోతుంది. తగ్గించి పెడుతున్న కొలతనే పదిశాతం పెంచి, రెండు వారాలు చూసి, ఇంకా తగ్గుతుంటేనే మళ్లీ కాస్త పెంచండి. బరువు నిలబడ్డాక కూడా నెలకోసారి తూచడం మానొద్దు.