తొమ్మిది నెలల పాప కోసం కొన్న రోల్డ్ ఓట్స్

మా పాపకు ఇప్పుడు స్పూన్ చూపిస్తే చాలు, మొహం తిప్పేస్తుంది. తన చేత్తో తీసుకున్నది మాత్రం ఇష్టంగా తింటుంది. అందుకే ఈ ప్యాకెట్ మాకు బాగా పనికొచ్చింది. వెనక్కి తిప్పి చదివితే ఓట్స్ తప్ప ఉప్పు, పంచదార, ఫ్లేవర్ ఏమీ లేవు. మసాలా ఓట్స్ మాత్రం పసివాళ్లకు వద్దు, వాటిలో ఉప్పు ఉంటుంది.

బాగా పండిన అరటిపండు సగం మెదిపి, మిక్సీలో బరకగా పట్టిన ఓట్స్ మూడు నాలుగు చెంచాలు కలిపి కాసేపు నాననిస్తాను. నెయ్యి రాసిన ఇడ్లీ రేకుల్లో ఆవిరి మీద ఉడికించి, చల్లారాక వేలంత ముక్కలు కోస్తాను. రెండు వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా నలిగిపోవాలి, గట్టిగా ఉంటే ఇవ్వను. తినేంతసేపూ పాపను నిటారుగా కూర్చోబెట్టి పక్కనే ఉంటాను. అరటిపండుకు బదులు ఉడికించిన తీపి గుమ్మడి వేస్తే పాపకు ఇంకా నచ్చింది. కొంచెం తేనె వేయమని అత్తయ్య అన్నారు. కానీ ఏడాది నిండేదాకా తేనె పెట్టకూడదు, బొట్యులిజం అనే తీవ్రమైన జబ్బు వచ్చే ప్రమాదం ఉంది.

ఇన్‌స్టంట్ ఓట్స్‌తో చేస్తే జిగురుగా వచ్చాయి, వీటితో ముక్క విరగకుండా చేతికి అందుతోంది.

ప్యాకెట్‌కు జిప్ లేకపోవడం నాకు నచ్చలేదు. వానాకాలంలో మెత్తబడతాయి కాబట్టి స్టీలు డబ్బాలో పోసుకోవాలి. గోధుమ ఆనవాళ్లు ఉండొచ్చని మరీ చిన్న అక్షరాల్లో వేశారు. మీ బిడ్డకు గోధుమ పడకపోతే అది చూసుకునే కొనండి.