నాన్నకి కొన్న నడుం బెల్ట్, మూడు నెలలు వాడేక

మా నాన్న విజయనగరంలో రైస్ మిల్లు కళాసీ, వయసు 57, ముప్పై ఏళ్ళ బట్టీ ఇదే పని. సంక్రాంతి వెళ్ళేక లారీకి లోడ్ ఎత్తుతుంటే నడుం పట్టేసింది, రెండ్రోజులు మంచం దిగలేదు, మూడోరోజు తువ్వాలు నడుంకి బిగించి కట్టుకుని మళ్ళీ మిల్లుకి పోయేడు. చూళ్ళేక గంటస్తంభం వేపు ఒక మెడికల్ షాపులో ఈ బెల్ట్ కొన్నాను, 750 రూపాయలు.

ముందు సైజు సంగతి. షాపతను "పేంటు సైజెంతండీ" అన్నాడు, నాన్నేమో లుంగీ మనిషి, ఏదో 34 ఉంటుందిలే అన్నాను, మీడియం చేతిలో పెట్టేసేడు. ఇంటికొచ్చి కడితే వెల్క్రో అంచులే కలవలేదు. బొడ్డు మీదుగా టేపు పెడితే 38! మార్చమంటే కవరు చింపేసేరు కదా అని పది నిమిషాలు నస పెట్టి మరీ లార్జ్ ఇచ్చేడు. కొనేవాళ్ళు కొలత రాసుకుని వెళ్ళండి.

బెల్ట్ మట్టుకు గట్టిది. వెనకాల నిలువు పట్టీలు నాలుగున్నాయి, నడుం వంచబోతే గుచ్చుకుంటాయి, దాంతో మోకాళ్ళు వంచక తప్పదు. "ఎవలో ఎనకాల నించి పట్టుకున్నట్టుందిరా" అన్నాడు మొదటిరోజు. కానీ మిల్లులో ఊక, తవుడు దుమ్ము వెల్క్రోలో దూరిపోయి రెండు నెలలకే అంటుకోడం మానేసింది, పాత టూత్‌బ్రష్‌తో గీకితే కాస్త పర్లేదు. ఎండలు ముదిరేక బనీను మీద కట్టినా ఒళ్ళంతా చెమటకాయలే.

అసలు గొడవ వేరే ఉంది. నొప్పి తగ్గేసరికి "నడుం గట్టిగుంది కదేటి" అని 50 కేజీల బస్తాలు ఇదివరకటి కంటే ఎక్కువ ట్రిప్పులు మోసేసేడు, అమ్మ ఎంత తిట్టినా వినలేదు, ఆఖరికి ఎడమ కాలు పిక్క దాకా లాగడం మొదలైంది. గవర్నమెంటు ఆస్పత్రికి తీసుకెళ్తే ఫిజియో మేడం బెల్ట్ పనిలో ఉన్న కాసేపే కట్టాలి, పడుకుంటే తీసేయాలి, బస్తాని ఒంటికి ఆనించి పట్టుకోవాలి, తిరగాలంటే నడుం కాదు పాదాలు తిప్పాలి అని చేసి చూపించింది. కాలు మొద్దుబారినా ఒంటేలు ఆగకపోయినా ఒక్క పూట కూడా ఆగకుండా వచ్చేయమంది. తర్వాత చదివేను, అమెరికాలో నియోష్ అనే సర్కారు సంస్థ 1994లోనే చెప్పిందంట, నడుం బాగున్న పనివాళ్ళకి ఈ బెల్ట్‌లు దెబ్బ తగలకుండా ఆపుతాయనడానికి ఆధారం చాలదని, పైగా బెల్ట్ ఉందన్న ధీమాతో ఎక్కువ బరువు ఎత్తేయొచ్చని. అచ్చం మా నాన్న కథే.

పని మానేయమని చెప్పడం తేలికే, 4000 పింఛను రావాలంటే 60 నిండాలి, ఇంకా మూడేళ్ళుంది, బస్తా ఎత్తకపోతే ఆ రోజు కూలి లేదు. మేస్త్రీని బతిమాలితే మధ్యాహ్నం నుంచి సంచులు కుట్టే పనిలో పెట్టేడు, డబ్బులు తగ్గేయి గానీ కాలు లాగడం కూడా తగ్గింది. ఆ పుణ్యం బెల్ట్ ఖాతాలో వెయ్యను.

బెల్ట్‌కి 3 స్టార్లు. వెల్క్రోకి ఒకటి, ఉక్కకి ఒకటి కోసేను. ఇప్పుడు నాన్న దాన్ని ఎక్కువగా నెల్లిమర్ల మా అత్త ఇంటికి బస్సులో వెళ్ళేటప్పుడే కడుతున్నాడు, "ఆ గతుకులకి సరిపోయిందిరా ఇది" అని.