పీడీక్యూ-39: నాన్నగారి మనసులోని బెంగను బయటపెట్టిన ప్రశ్నావళి

పార్కిన్సన్స్ వ్యాధిగ్రస్తుల జీవన నాణ్యతను కొలవడానికి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తయారుచేసి, 1995లో వెలువరించిన ప్రశ్నావళి ఇది. క్లినిక్‌లో ఇచ్చిన ప్రతిని నేను తెలుగులో చదివి వినిపించగా మా నాన్నగారు సమాధానాలు చెప్పారు.

నడక, రోజువారీ పనులు, మనఃస్థితి, నలుగురిలో చిన్నతనంగా అనిపించడం, అయినవారి ఆసరా, జ్ఞాపకశక్తి, మాట, ఒంటి నొప్పులు అనే ఎనిమిది విభాగాల్లో 39 ప్రశ్నలున్నాయి. గడచిన నెలలో ఒక్కో ఇబ్బంది ఎంత తరచుగా ఎదురైందో ‘ఎప్పుడూ లేదు’ (0) నుంచి ‘ఎల్లప్పుడూ’ (4) వరకు ఐదు సమాధానాల్లో ఒకటి ఎంచుకుని చెప్పాలి. ప్రతి విభాగానికీ 0 నుంచి 100 వరకు స్కోరు వస్తుంది; స్కోరు పెరిగేకొద్దీ ఇబ్బంది ఎక్కువని అర్థం.

మందు వేసుకున్న గంటకే డాక్టరుగారి దగ్గరికి వెళ్లేవాళ్లం కనుక, వేళ్లు ఆడించి, లేచి నడిచి చూపించే పరీక్షలో నాన్నగారు ఎప్పుడూ బాగానే కనిపించేవారు. ఈ ప్రశ్నావళిలోనూ నడకకు 35 మాత్రమే వచ్చింది. అయితే, జబ్బును దాచవలసి వచ్చిందా, నలుగురిలో తినడం, తాగడం తప్పించుకున్నారా అని అడిగే విభాగం దగ్గర ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, ఆ రెండింటికీ ‘ఎల్లప్పుడూ’ అన్నారు. అక్కడి నాలుగు ప్రశ్నలకు కలిపి 16కు 13, అంటే 81. ఏడాదిగా పెళ్లిళ్లకు రానంటున్నది కాళ్ల నీరసం వల్లనేనని ఇంటిల్లిపాదీ అనుకున్నాం. చెయ్యి వణికి బంతిలో సాంబారు ఒలికితే ఎవరేమనుకుంటారోనన్న బెంగ వల్లనని ఆ రోజే తెలిసింది.

అందుకే ఎనిమిది విభాగాల సగటుగా ఇచ్చే మొత్తం స్కోరు నాకు అంతగా నచ్చలేదు. 81 లాంటి అంకె అందులో కలిసిపోయి కనిపించకుండా పోతుంది. పైగా ఆహారాన్ని కోసుకోవడం గురించి అడిగారు గానీ, అన్నం కలిపి ముద్ద నోటిదాకా తెచ్చుకోవడం గురించి లేదు. గుండీలు, బూటు తాళ్ల ప్రస్తావన ఉంది గానీ, పంచె కట్టుకునే మనిషికి ఆ ప్రశ్న సగమే వర్తిస్తుంది. పగటి కునుకు గురించి అడిగి, రాత్రి పక్క మీద ఒత్తిగిలలేని అవస్థను, మలబద్ధకాన్ని వదిలేయడం నిజంగా పెద్ద లోటు.

ఓపిక లేనివారికి విభాగానికొక ప్రశ్నతో పీడీక్యూ-8 అనే చిన్న రూపం ఉంది. నాన్నగారి విషయంలో నేను పెద్దదే ఎంచుకుంటాను. చదివి వినిపించేవారు తొందరపడి తామే సమాధానం అందించకూడదు. ఆయన ఆగినచోట నేను మాట అందించి ఉంటే ఆ 81 వచ్చేది కాదు.