బిందె ముక్కతో నిలబడిన కయాక్: నాలుగేళ్ల వాడకం తర్వాత

ఈ కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) సీటు, పొడవు, బరువు గురించి చాలామంది రాశారు, అవి వదిలేస్తున్నాను. నాకు దీని మీద ఇంత ప్రేమ కలగడానికి కారణం అడుగు ప్లాస్టిక్. ఆ ప్రేమ కూనవరంలో మొదలైంది.

ఒక డిసెంబరులో గోదావరి మీద భద్రాచలం నుంచి పేరంటాలపల్లికి ఒక్కడినే బయల్దేరాను. రెండో రోజు మధ్యాహ్నం తొడల కింద చెమ్మ తగిలింది. తెడ్డు చిమ్మిన నీళ్లనుకుని స్పాంజితో తుడిచాను. పావుగంటకల్లా మడమలు మునిగాయి. కూనవరంలో, శబరి నది గోదావరిలో కలిసే చోట ఒడ్డుకు లాగి బోర్లా తిప్పితే, సీటు వెనక బెత్తెడు చీలిక! సామాను దించకుండా గులకరాళ్ల మీద ఈడ్చి ఈడ్చి అక్కడ అడుగు అరిగిపోయింది. మొదటి ఏడాది రాసినప్పుడు "ఎంత ఈడ్చినా ఏమీ కాదు" అన్నాను. ఖాళీ కయాక్‌కైతే ఆ మాట ఇప్పటికీ చెల్లుతుంది.

రేవులో పడవలవాళ్లు పాపం రెజిన్ డబ్బా తెచ్చిచ్చారు. వాళ్ల ఫైబర్ పడవలకు అదే మందు. నా కయాక్‌ది పాలిథిలీన్ అనే ప్లాస్టిక్, దానికి రెజిన్ గానీ ఎం-సీల్ గానీ పట్టదు, ఆరాక పొరలా ఊడొస్తుంది. ఏం చేయాలో తోచక కూర్చుంటే ఒక కుర్రాడు, "సార్, బిందెలకు మాట్లేసే తాత ఉన్నాడు, పిలవనా?" అన్నాడు.

తాత వచ్చి, చీలిక అంచున గోరంత ముక్క గీకి చెంబులో నీళ్లలో వేశాడు. తేలింది. పీవీసీ అయితే మునిగేది. "ఇదీ బిందె జాతే బాబూ, అతుక్కుంటది" అన్నాడు. చీలిక ఇంకా పాకకుండా ముందు రెండు కొసల్లో సన్నటి బెజ్జాలు కాల్చాడు. అంచులు వాలుగా చెక్కి, ఎర్ర బిందె ముక్కను వేడి కడ్డీతో కరిగించి పెట్టాడు. చల్లారాక గోటితో లాగితే ఊడొచ్చింది. బిందెలన్నీ ఒకే ప్లాస్టిక్ కాదు, పాలీప్రొపిలీన్ అయితే దీనితో కలవదు. ఆయన ఆ పేర్లేవీ అనలేదు, ముక్క పక్కన పడేసి నీలం బిందె అందుకున్నాడు. ఈసారి కయాక్ ప్లాస్టిక్ కూడా మెత్తబడి నిగనిగలాడేదాకా ఆగి, రెండింటినీ కలిపి కడ్డీతో రుద్దాడు. ఇక గోటికి లొంగలేదు.

అది చల్లారేలోపు అటుకులు, బెల్లం, పల్లీలు కొని క్యాన్లలో నీళ్లు నింపుకున్నాను. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకొచ్చినప్పుడు కొట్లో తేలి మిగిలినవి ప్లాస్టిక్ బిందెలేనని కొట్టాయన చెప్పాడు. తాత రెండొందలు తీసుకున్నాడు. "ఇంకేమన్నా ఇస్తాను తాతా" అంటే వద్దన్నాడు.

పేరంటాలపల్లి దాకా చుక్క నీరు రాలేదు. ఆ తర్వాత రెండు శీతాకాలాలు తిప్పినా అతుకు గట్టిగానే ఉంది. కాకపోతే ఎండలో వాహనం మీద కట్టి ఉంచితే దాని చుట్టూ చిన్న సొట్ట పడుతోంది, నీడన పెడితే చాలావరకు సర్దుకుంటోంది. ఇదంతా మామూలు పాలిథిలీన్ కాబట్టి కుదిరింది. క్రాస్‌లింక్డ్ రకం (లోపలి అణువులు ఒకదానితో ఒకటి ముడిపడిన పాలిథిలీన్) ఇలా కరగదు, కొనేముందు అడిగి తెలుసుకోండి.

నేను తిరిగేది నదుల్లో, పూటకో రేవు తగిలే దారుల్లో. నాకు ఇంతకంటే నమ్మకమైనది లేదు. సముద్రంలో రోజుల తరబడి వెళ్లేవాళ్లకో, భుజాన మోసుకెళ్లాల్సినవాళ్లకో ఇదే కొనమని మాత్రం చెప్పలేను. బయల్దేరేటప్పుడు తాత ఇచ్చిన నీలం బిందె ముక్క ఇంకొకటి నా మరమ్మతు సంచిలో ఉంది. దానితో పాటు ఒక ఇనుప కడ్డీ కూడా పెట్టుకున్నాను.