బుతో చూడాలంటే ముందు ఎవరిని? హిజికాతానా, ఓనోనా?

బుతో అనే జపాన్ నాట్యం పేరు వినగానే ఒళ్లంతా తెల్లరంగు, గుండు, వంకర్లు పోయిన వేళ్లు గుర్తొస్తాయి. ఎవరో ఒకరు వెంటనే "హిరోషిమా బాంబులోంచి పుట్టిన నాట్యం" అనేస్తారు. యుద్ధం నీడ ఉంది, కాదనను. కానీ అంతా దాని మీదే నెట్టేస్తే దీన్ని మొదలుపెట్టిన ఇద్దరూ, హిజికాతా, ఓనో, కనపడకుండా పోతారు.

తత్సుమి హిజికాతాది జపాన్‌కి ఉత్తరాన ఉన్న అకితా. 1959లో టోక్యోలో ఆయన చేసిన 'కింజికి' కొద్ది నిమిషాలదే, కానీ మసకచీకట్లో, బతికున్న కోడితో, ఇద్దరు మగవాళ్ల మధ్య కోరికను చూపించేసరికి అక్కడి డ్యాన్సర్లు మండిపడ్డారు. తర్వాత తన నాట్యాన్ని 'అంకొకు బుతో' అన్నాడు, అంటే కటికచీకటి నాట్యం. పోనుపోను ఆయన మనసు సొంత ప్రాంతం వైపే తిరిగింది: చలి, బురద పొలాలు, పెద్దవాళ్లు పనిలో ఉంటే గడ్డిబుట్టల్లో రోజంతా కూర్చోబెట్టిన పసిపిల్లలు. సాయంత్రం బయటికి తీస్తే కాళ్లు ముడుచుకుపోయి నిలబడలేరు. ఆ కాళ్లనే స్టేజీ ఎక్కించాడు. మోకాళ్లు బయటికి వంగి, బరువంతా పాదాల బయటి అంచుల మీద. శిష్యులకు తాళం లెక్కలు కాదు, మాటల్లో దృశ్యాలిచ్చేవాడు: వేళ్ల మధ్య పురుగు పాకుతోంది, మెడ మీంచి ఇంకొకటి దిగుతోంది, చివరికి ఒళ్లంతా పురుగులే.

కజువో ఓనో దారి వేరు. 1906లో పుట్టాడు, యోకోహామాలో క్రైస్తవ బాలికల బడిలో వ్యాయామం మాస్టారు. 1929లో లా అర్హెంతీనా అనే స్పానిష్ నాట్యకత్తెను చూసి మర్చిపోలేకపోయాడు. మధ్యలో సైన్యం, చైనా, న్యూగినీ. 1977లో, 71 ఏళ్ల వయసులో, ఆడవేషం కట్టి ఆమెను తలుచుకుంటూ ఆడాడు. దానికి దర్శకుడు హిజికాతానే! హిజికాతాకి ముందు ఆకారం కుదరాలి, ఓనోకి లోపల కదిలితే ఆకారం అదే వస్తుంది.

1975లో ఉషియో అమగత్సు పెట్టిన సంకై జుకు అనే బుతో బృందం కూడా ఉంది, చాలా అందంగా ఉంటుంది, కానీ దానితో మొదలుపెడితే బుతోలోని మట్టివాసన అందదని నాకనిపిస్తుంది.

నేర్చుకోవాలనుకునేవాళ్లకు హిజికాతాయే, ఎందుకంటే పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. చూడటానికైతే మాత్రం ముందు ఓనోనే చూడండి. అందులోనూ చివరి రోజులవి, కాళ్లు పనిచేయక కుర్చీలో కూర్చుని ఒట్టి చేతులతో ఆడినవి. ఆ వేళ్లు మెల్లగా విచ్చుకుంటుంటే నాకు ఊపిరి ఆగినంత పనయింది.