డిఫెండర్ కెరీర్ చదవడానికి ట్రాన్స్‌ఫర్‌మార్క్ట్: ఏం చూడాలి, ఏం వదిలేయాలి

ఏడెనిమిది క్లబ్బులు తిరిగిన ఫుట్‌బాల్ డిఫెండర్ గురించి తెలుసుకోవాలని వార్తలు వెతికితే పెద్దగా ఏమీ దొరకదు. గోల్ కొట్టినవాళ్ల పేర్లే హెడ్డింగుల్లోకి ఎక్కుతాయి. డిఫెండర్ ఎక్కడ ఆడాడు, ఎన్నాళ్లు ఆడాడు, ఎందుకు వెళ్లిపోయాడు అన్న లెక్క ఒక్కచోట కనిపించేది ట్రాన్స్‌ఫర్‌మార్క్ట్‌లోనే. 2000లో జర్మనీలో మథియాస్ సైడెల్ మొదలుపెట్టిన సైట్ ఇది. 2008లో ఆక్సెల్ స్ప్రింగర్ సంస్థ అందులో పెద్ద వాటా కొన్నది. వాడుకోవడానికి డబ్బు కట్టనక్కర్లేదు, ప్రకటనలు మాత్రం భరించాలి. తెలుగులో లేదు. అయినా అంకెలు, తేదీలే ఎక్కువ కాబట్టి కొద్దిపాటి ఇంగ్లిష్‌తో నెట్టుకురావచ్చు.

ట్రాన్స్‌ఫర్ల పేజీ, గాయాల పేజీ, మ్యాచ్‌వారీ నిమిషాల పట్టిక, ఈ మూడూ బంగారం. అందరూ ముందుగా చూసే మార్కెట్ వాల్యూ (ఆటగాడి ధర ఇంత ఉండొచ్చని సైట్ వేసే అంచనా) మాత్రం మన ఆటగాళ్ల విషయంలో పక్కన పెట్టేయదగ్గది. ఎందుకో ఒక అసలు కెరీర్‌ను ముందు పెట్టుకుని చూస్తే తెలుస్తుంది.

సందేశ్ ఝింగన్‌ని తీసుకుందాం. 1993లో చండీగఢ్‌లో పుట్టిన సెంటర్ బ్యాక్, 2020లో అర్జున అవార్డు అందుకున్నాడు. ట్రాన్స్‌ఫర్ చరిత్రలో ప్రతి వరుసకీ సీజన్, తేదీ, వదిలిన క్లబ్, చేరిన క్లబ్, అప్పటి మార్కెట్ వాల్యూ, ఫీజు అని గడులుంటాయి. యునైటెడ్ సిక్కిం, ముంబై ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్, స్పోర్టింగ్ గోవా, మళ్లీ బ్లాస్టర్స్, డీఎస్‌కే శివాజియన్స్, మళ్లీ బ్లాస్టర్స్, బెంగళూరు ఎఫ్‌సీ, మళ్లీ బ్లాస్టర్స్. ఇది చూసి ఎక్కడా కుదురుగా ఉండనివాడు అనుకుంటే పొరపాటే.

అప్పటి మన ఫుట్‌బాల్ క్యాలెండర్ తెలిస్తేగానీ ఆ వరుసలు అర్థం కావు. 2014లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) అక్టోబరు 12న మొదలై డిసెంబరు 20న ముగిసింది. 2015, 2016లోనూ అంతే, రెండున్నర నెలల టోర్నీ. ఇంకో లీగ్ అయిన ఐ-లీగ్ ఆ తర్వాత మొదలై ఏప్రిల్, మే దాకా సాగేది. ఐఎస్ఎల్ క్లబ్బుతో కాంట్రాక్టు ఉన్న ఆటగాడు మిగతా ఏడాది ఖాళీగా కూర్చోలేడు కదా, అందుకే లోన్ మీద, అంటే కొన్నాళ్లకు అరువుగా, ఐ-లీగ్ క్లబ్బుకు వెళ్లేవాడు. ఝింగన్ జాబితాలోని స్పోర్టింగ్ గోవా, శివాజియన్స్, బెంగళూరు ఇలా వచ్చినవే. 2017-18 నుంచి రెండు లీగులూ ఒకే సమయంలో జరగడంతో ఈ రాకపోకలు ఆగిపోయాయి. కాబట్టి 2014 నుంచి 2017 మధ్య ఏ భారత ఆటగాడి పేజీ తెరిచినా లోన్ వరుసలనూ ‘ఎండ్ ఆఫ్ లోన్’ అన్న వరుసలనూ ముందు తీసేసి, మిగిలినవాటినే క్లబ్బు మారడంగా లెక్కపెట్టండి. ఝింగన్ విషయంలో అలా చేస్తే 2014 నుంచి 2020 దాకా ఒకే క్లబ్బు మిగులుతుంది.

ఫీజు గడిని కూడా జాగ్రత్తగా చదవాలి. ‘ఫ్రీ ట్రాన్స్‌ఫర్’ అంటే క్లబ్బుకు క్లబ్బు డబ్బు కట్టలేదని, ఆటగాడికి ఏమీ ముట్టలేదని కాదు. ప్రశ్నార్థకం ఉంటే ఫీజెంతో బయటికి రాలేదని అర్థం, సున్నా అని కాదు. మన క్లబ్బులు ఫీజులు చెప్పడం అరుదు కాబట్టి ఇక్కడి పేజీల్లో ఈ గుర్తు తరచూ ఎదురవుతుంది.

ఇక విదేశీ అధ్యాయం. 2021 ఆగస్టులో ఝింగన్ ఏటీకే మోహన్ బగాన్ నుంచి క్రొయేషియా అగ్రశ్రేణి లీగ్‌లోని హెచ్ఎన్‌కే షిబెనిక్‌లో చేరాడు. గాయంతో ఒక్క పోటీ మ్యాచ్ కూడా ఆడకుండానే 2022 జనవరిలో ఏటీకే మోహన్ బగాన్‌కు తిరిగొచ్చాడు. ట్రాన్స్‌ఫర్ల పేజీలో ఇది రెండు వరుసలు, ఆట లెక్కల్లో శూన్యం. ట్రాన్స్‌ఫర్ల పేజీ మాత్రమే చూస్తే ‘యూరప్‌లో ఆడాడు’ అనిపిస్తుంది, లెక్కల పేజీ మాత్రమే చూస్తే ‘పనికిరాలేదు’ అనిపిస్తుంది. రెండూ తప్పే. మూడోదైన గాయాల పేజీ తెరిచాకే మాట్లాడాలి. అందులో గాయం పేరు, మొదలు, ముగింపు, ఎన్ని రోజులు, ఎన్ని మ్యాచ్‌లు పోయాయి అన్న గడులుంటాయి. 2019-20 సీజన్‌కూ ఇదే మందు. 2019 అక్టోబరులో భారత జట్టుతో ఉన్నప్పుడు నార్త్ఈస్ట్ యునైటెడ్‌తో ప్రాక్టీస్ మ్యాచ్‌లో అతని మోకాలిలోని ఏసీఎల్ అనే లిగమెంట్ తెగింది, బ్లాస్టర్స్‌కు ఆ ఐఎస్ఎల్ సీజన్ మొత్తం ఆడలేకపోయాడు. మరుసటి సీజన్లో ఏటీకే మోహన్ బగాన్ తరఫున ఫైనల్ దాకా వెళ్లి, 2020-21కి ఏఐఎఫ్ఎఫ్ (భారత ఫుట్‌బాల్ సమాఖ్య) ఉత్తమ ఆటగాడి అవార్డు అందుకున్నాడు. సున్నా పక్కన తేదీలు పెట్టి చూడకపోతే ఇంత గట్టి పునరాగమనం కంటికి ఆనదు.

సైట్‌లో అన్నిటికన్నా విలువైనదీ, చాలామంది తెరవనిదీ మ్యాచ్‌వారీ పట్టిక. సెంటర్ బ్యాక్‌ని కోచ్‌లు ఊరికే మార్చరు. ఫార్వర్డ్ 65వ నిమిషంలో బయటికొస్తే మామూలే, సెంటర్ బ్యాక్ 20వ నిమిషంలో బయటికొస్తే మాత్రం గాయమో, రెడ్ కార్డు భయమో, ఆట ప్రణాళిక తలకిందులవడమో అయ్యుండాలి. ఆ తేదీని గాయాల పేజీలో వెతకండి. దొరకకపోతే తర్వాతి రెండు మ్యాచ్‌ల్లో ఆడాడో లేదో చూడండి. ఏసీఎల్ నుంచి తిరిగొచ్చినవాడైతే మొదటి పది మ్యాచ్‌లు వరసగా చదవాలి: 90 నిమిషాలు ఎన్నిసార్లు నిండాయి, మూడు రోజుల తేడాతో రెండు మ్యాచ్‌లు ఆడాడా, మధ్యలో బెంచీ ఎన్నిసార్లు. మోకాలి మీద నమ్మకం కుదిరిందా అన్నది మొత్తం మ్యాచ్‌ల సంఖ్యలో కాదు, ఈ వరసలో కనిపిస్తుంది.

ఏ స్థానంలో ఎన్ని మ్యాచ్‌లు అన్న విభజన కూడా డిఫెండర్లకు బాగా పనికొస్తుంది. 2019 ఐఎస్ఎల్ ఫైనల్లో అదనపు సమయంలో కొట్టిన గోల్‌తో బెంగళూరుకు కప్ తెచ్చిన రాహుల్ భేకే రైట్ బ్యాక్‌గానూ సెంటర్ బ్యాక్‌గానూ ఆడగలడు. రెండు స్థానాలు ఆడగలిగినవాడిని క్లబ్బులు వదులుకోవు. ఊళ్లు తిరిగే డిఫెండర్‌కు 30 దాటాక అన్నం పెట్టేది చాలాసార్లు ఆ రెండో స్థానమే.

ఇక లోట్లు. ట్యాకిల్స్ (ఎదుటివాడి కాళ్ల దగ్గర బంతి లాక్కోవడం), ఇంటర్‌సెప్షన్లు (పాస్‌ను మధ్యలో అందుకోవడం), గాల్లో గెలిచిన బంతులు ఇక్కడ ఉండవు. గోల్స్, అసిస్టులు, కార్డులు, నిమిషాలు, అంతే. డిఫెండర్ పని ఏమిటో అదే కనబడదన్నమాట. ఆ అంకెలకు సోఫాస్కోర్ లాంటి సైట్లు చూడాలి, అంతకంటే మేలు రెండు పూర్తి మ్యాచ్‌లు చూడటం. అందులో ఒకటి జట్టు ఓడినదై ఉండాలి. ఏజెంట్ పంపే ఐదు నిమిషాల వీడియోలో ఏ సెంటర్ బ్యాక్ అయినా గోడలాగే ఉంటాడు.

మార్కెట్ వాల్యూ లెక్కగట్టేది యంత్రం కాదు. సైట్ సభ్యులు వయసు, ఫామ్, లీగ్ స్థాయి, కాంట్రాక్టు వగైరా చర్చించుకుని తేల్చే అంచనా అది. ఫీజులు బహిరంగమయ్యే యూరప్ లీగుల్లో ఆ అంచనాకు ఆధారం ఉంటుంది. మన దగ్గర ఫీజే తెలియనప్పుడు అంచనా దేన్ని పట్టుకుని నిలబడుతుంది? ఇద్దరు భారత డిఫెండర్లను ఆ అంకెతో పోల్చకండి.

పేర్ల గందరగోళం ఇంకొకటి. అన్వర్ అలీ అని వెతికితే భారత జట్టుకు ఆడిన పంజాబీ సెంటర్ బ్యాక్‌లే ఇద్దరున్నారు, ఒకరు 1984లో పుట్టినవారు, ఇంకొకరు 2000లో. పుట్టిన తేదీ చూడకుండా ఏ పేజీనీ నమ్మొద్దు. తప్పు కనబడితే సభ్యులుగా చేరి, ఆధారం జతచేసి సవరణ పంపొచ్చు.

ఆటగాడు క్లబ్బుతో చేసిన సంతకం చెల్లుతుందా అన్నది ఈ సైట్ తేల్చదు. ఇండియాలో నమోదుకు ఏఐఎఫ్ఎఫ్ వారి సీఆర్ఎస్ అనే ఆన్‌లైన్ నమోదు వ్యవస్థ ఆధారం. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి మారితే ఐటీసీ అనే అంతర్జాతీయ ధ్రువపత్రం రావాలి, ప్రొఫెషనల్స్‌కు అది టీఎంఎస్ అనే ఫిఫా ఆన్‌లైన్ ట్రాన్స్‌ఫర్ వ్యవస్థ ద్వారా నడుస్తుంది. ఫిఫా నియమం ప్రకారం ఒక సీజన్లో మూడు క్లబ్బుల దాకా నమోదు కావచ్చు, మామూలుగా అధికారిక మ్యాచ్‌లు ఆడగలిగేది మాత్రం రెండింటికే. బయటి దేశానికి వెళ్లాలనుకునే కుర్రాడు జనవరిలో రెండో క్లబ్బుకు మారే ముందు ఈ లెక్క చూసుకోవాలి. నమోదు ఉండి కూడా సీజన్ అయిపోయేదాకా ఆడలేని స్థితి రావచ్చు.

హైదరాబాద్ ఎఫ్‌సీ తరఫున చూసి, తర్వాత ఎఫ్‌సీ గోవాలో చూసిన ఓడే ఒనైండియా లాంటి స్పెయిన్ డిఫెండర్ల దారి పట్టుకోవడానికి ఈ సైట్ చాలు. పాత హైదరాబాద్ సంగతి వేరు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టులో వెనక నిలబడి ఆడినవాళ్ల నిమిషాల లెక్క ఇక్కడ ఆశించొద్దు. ఆ కాలానికి, పాత ఫుట్‌బాల్ ఫలితాలు భద్రపరిచే ఆర్ఎస్ఎస్ఎస్ఎఫ్ సైట్‌లో టోర్నీల ఫలితాలు చూసుకుని, ఆ తేదీలు పట్టుకుని గ్రంథాలయంలో పాత పత్రికలు తిరగేయాలి.